కొత్త వెబ్‌సైటుకు మనుషులు రావాలంటే ఏ పని ముందు, ఏ పని తరువాత

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. సోఫాలు, కుర్చీలు బాగుచేసి కొత్త గుడ్డ వేసే చిన్న వ్యాపారం మీది. మూడు నెలల కిందట వెబ్‌సైటు పెట్టించారు. చూడటానికి బాగానే ఉంది గాని రోజుకు ఇద్దరు ముగ్గురికి మించి రావడం లేదు, వారిలోనూ మీ ఇంటివారే ఎక్కువని మీ అనుమానం. గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తామంటూ మెయిళ్లు మాత్రం రోజూ వస్తున్నాయి. వారికి డబ్బు కట్టాలా, ప్రకటనలు ఇవ్వాలా, సోషల్ మీడియాలో రోజూ పోస్టులు పెట్టాలా, ఫలితం కోసం ఎన్నాళ్లు ఆగాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఇప్పటికి ఎవరికీ డబ్బు కట్టవద్దు. చిన్న వ్యాపారపు కొత్త సైటుకు మొదట వచ్చేవారు రెండు రకాలవారే: మిమ్మల్ని ఇప్పటికే ఎరిగినవారు, మీరు తీర్చగల ఇబ్బంది ఈ రోజే వచ్చిపడినవారు. మొదటివారికి మీకు సైటు ఉన్న సంగతి తెలియాలి. రెండోవారు ఫోనులో టైపు చేసే ప్రశ్నకు మీ సైటులో ఒక పేజీ జవాబుగా ఉండాలి. ఈ రెండు పనులు అయ్యేదాకా పెట్టే ప్రచారపు ఖర్చంతా దాదాపు వృథా అవుతుందని, చిన్న వ్యాపారాల సైట్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా, గట్టిగా చెప్పగలను.

అంతకన్నా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గూగుల్ వెతుకు పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలలో సైట్ అని టైపు చేసి, కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు చిరునామా ఇచ్చి చూడండి. మీ పేజీలు వరుసగా కనిపిస్తే మంచిదే. ఒక్కటీ కనిపించకపోతే గూగుల్ మీ సైటును తన జాబితాలోకి ఇంకా తీసుకోలేదని అనుమానించాలి. కొత్త సైట్లలో దీనికి చాలాసార్లు కనిపించే కారణం ఒకటుంది. చాలా సైట్లను కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో రీడింగ్ అనే భాగంలో, సెర్చ్ ఇంజన్లు ఈ సైటును చేర్చుకోకుండా చూడమని కోరే చిన్న టిక్ పెట్టె ఉంటుంది. సైటు కడుతున్నంతకాలం దానిని టిక్ చేసి ఉంచడం సరైన పనే. పని పూర్తయ్యాక తీయడం మరిచిపోతారు. ఒక ప్రింటర్ల మరమ్మతు వ్యాపారి నా దగ్గరికి వచ్చేనాటికి ఆయన సైటు వయసు చాలా నెలలు. అప్పటికే ప్రచారానికి ఖర్చు పెడుతూ ఉన్నారు, అయినా సైటు ఆయన సొంత పేరుతో వెతికినా కనిపించేది కాదు. ఆ టిక్ తీసి, పేజీలను మళ్లీ చూడమని గూగుల్‌ను కోరిన తరువాతే కదలిక మొదలైంది.

అలా కోరడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనం ఉంది. సైటు మీదేనని అందులో నిరూపించుకుని, సైట్‌మ్యాప్ (మీ పేజీలన్నిటి జాబితా ఉండే ఫైలు) చిరునామా ఇవ్వండి. ముఖ్యమైన పేజీలను ఒక్కొక్కటిగా పరీక్షించి, చేర్చమని అభ్యర్థించండి. ప్రతి పేజీ విషయంలో గూగుల్ ఏమనుకుంటోందో, ఏ మాటలు వెతికినవారికి మీ సైటు కనిపించిందో చెప్పేది ఇదే కాబట్టి దీని అవసరం ఈ ఒక్క రోజుతో తీరదు. మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజన్ బింగ్‌కు కూడా ఇటువంటి సాధనం ఉంది, సెర్చ్ కన్సోల్‌లోని వివరాలను అది నేరుగా దిగుమతి చేసుకుంటుంది. కాసేపటి పనే కనుక వదిలేయవద్దు.

ఇక ఫోను సంగతి. గూగుల్ ఇప్పుడు సైట్లను ఫోనులో కనిపించే రూపంలోనే చదివి అంచనా వేస్తుంది. 2016లో ప్రకటించిన ఈ మార్పు 2023 నాటికి పూర్తయింది. మీ వ్యాపారంలో ఫోటోలు ఎక్కువ, కాబట్టి నా మొదటి అనుమానం వాటి మీదే. కెమెరా ఇచ్చిన పూర్తి పరిమాణంలోనే ఫోటోలను ఎక్కించి ఉంటే పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ తన కొలతల్లో పెట్టుకుంది. ఫోటోల పరిమాణం తగ్గించడంతోనే చాలా చిన్న సైట్లు ఈ పరిమితిలోకి వస్తాయి. అలాగే మీ ఫోన్ నంబరును వేలితో తాకితే కాల్ వెళ్లాలి. నంబరును బొమ్మలో అందంగా రాయించి పెట్టిన సైట్లు నేను ఎన్నో చూశాను. దానిని చూసి, గుర్తుపెట్టుకుని, మళ్లీ టైపు చేసే ఓపిక సోఫా విరిగినవారికి ఉండదు.

మీ వంటి వ్యాపారానికి సైటు ఎంత ముఖ్యమో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంతే ముఖ్యం, మొదటి నెలల్లో ఇంకా ఎక్కువ. ఇది ఉచితం. మ్యాపులోనూ, దగ్గరలోని సేవల కోసం వెతికినప్పుడు పైన వచ్చే పెట్టెలోనూ కనిపించేది సైటు కాదు, ఈ ప్రొఫైలే. ఇందులో ఎవరు ముందు కనిపించాలన్నది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుందని గూగుల్ చెబుతుంది: వెతికిన విషయానికి మీ సేవ ఎంత సరిపోతుంది, వెతికినవారికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీ పేరు ఎంత ప్రసిద్ధం. దూరాన్ని మనం మార్చలేము. మిగిలిన రెండూ మన చేతిలో ఉన్నాయి. ఫర్నిచర్ అమ్మే దుకాణం అని కాకుండా, బాగుచేసే వ్యాపారమని స్పష్టంగా తెలిసే విభాగాన్ని ఎంచుకోండి. మీరే ఇళ్లకు వెళ్లి పనిచేసేటట్లయితే చిరునామా కనిపించకుండా ఉంచి, సేవలందించే ప్రాంతాన్ని మాత్రం చూపవచ్చు. వ్యాపారం పేరు దగ్గర అసలు పేరే రాయండి. పేరుకు తోకగా సేవల మాటలు తగిలించడం నిబంధనలకు విరుద్ధం, దానివల్ల ప్రొఫైల్ నిలిచిపోయిన సందర్భాలు ఉన్నాయి.

రివ్యూలు అడగడానికి మొహమాటపడవద్దు. పని అప్పగించిన రోజున, సోఫా చూసి వారు సంతోషంగా ఉన్న ఘడియలోనే, రివ్యూ పేజీకి నేరుగా వెళ్లే లింకును పంపండి. వారం తరువాత అడిగితే రాసేవారు తక్కువ. అయితే రివ్యూకు బదులుగా తగ్గింపు ఇస్తామనడం, పని చేయించుకోనివారి చేత రాయించడం రెండూ నిషిద్ధమే. ఎవరైనా అసంతృప్తితో రాస్తే మర్యాదగా, వివరంగా జవాబు ఇవ్వండి, ఎందుకంటే ఆ జవాబును ముందుముందు రాబోయేవారు చదువుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ సైటులో నాలుగు పేజీలు ఉన్నాయన్నారు: హోమ్, మా గురించి, మా సేవలు, సంప్రదించండి. సేవల పేజీలో ‘నాణ్యమైన పనితనం, సరసమైన ధరలు, అనుభవజ్ఞులైన పనివారు’ అని ఉందన్నారు. ఆ మాటలు నిజమే కావచ్చు గాని వాటిని ఎవరూ వెతకరు. సోఫాలో కూర్చోగానే లోపలికి కుంగిపోతున్న మనిషి ‘సోఫా కుంగిపోతే ఏం చేయాలి’ అని వెతుకుతాడు. పై పొర పెచ్చులుగా రాలుతున్న సోఫా ఉన్నవారు ‘సోఫా లెదర్ ఊడిపోతోంది’ అని వెతుకుతారు. గుడ్డ మార్పించుకోవాలనుకునేవారు మూడు సీట్ల సోఫాకు ఎంత గుడ్డ పడుతుందో, ఎన్ని రోజులు పడుతుందో, కొత్తది కొనడం కన్నా లాభమా కాదా అని వెతుకుతారు. వీటిలో ప్రతి ప్రశ్నకూ ఒక పేజీ ఉండాలి.

ఉదాహరణకు కుంగిపోయిన సోఫా గురించి మీరు రాయవలసిన పేజీని ఊహించండి. శీర్షికలోనే ఆ ప్రశ్న ఉండాలి. మొదటి పేరాలోనే కారణాలు చెప్పాలి: లోపలి ఫోమ్ అరిగి ఉండవచ్చు, కింద అల్లిన పట్టీలు వదులై ఉండవచ్చు, వంకర స్ప్రింగును చట్రానికి పట్టి ఉంచే క్లిప్పు ఊడి ఉండవచ్చు, లేదా చట్రపు చెక్కే పగిలి ఉండవచ్చు. ఆ తరువాత, ఏది జరిగిందో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలో రాయాలి. మెత్తను తీసి పక్కన పెట్టి కింది భాగాన్ని అరచేతితో నొక్కి చూడమనాలి. అక్కడ గట్టిగా ఉంటే తప్పు మెత్తలోనే ఉన్నట్టు, ఒక చోట మాత్రమే చేయి దిగిపోతే స్ప్రింగునో పట్టీనో అనుమానించాలి. సోఫాను వెనక్కి వాల్చి, అడుగున కుట్టిన పలుచని గుడ్డ ఒక మూల విప్పి చూస్తే వేలాడుతున్న స్ప్రింగు కంటికే కనిపిస్తుంది. ప్రతి కారణానికీ మరమ్మతు ఏమిటో, ఎంత సమయం పడుతుందో, ధర దేని మీద ఆధారపడుతుందో చెప్పి, మీరు బాగుచేసిన ఒక సోఫా ఫోటోలను, ముందు ఒకటి, తరువాత ఒకటి పెట్టండి. చివర ‘అడుగుభాగం ఫోటో తీసి ఈ నంబరుకు పంపండి, ఏమయిందో చెబుతాము’ అని రాయండి. ఈ సమాచారమంతా మీకు చేతివేళ్లతో తెలుసు. మీ పోటీదారుల సైట్లలో ఇది సాధారణంగా ఉండదు, ఎందుకంటే వారి సైట్లను కూడా ఈ పని తెలియని రాతగాళ్లే నింపి ఉంటారు.

ఏ సోఫాను బాగుచేయించడం దండగో చెప్పే పేజీ కూడా ఒకటి తప్పకుండా రాయండి. నేను ఈ సలహా ఇచ్చినప్పుడల్లా వ్యాపారులు వెనకాడతారు, గిరాకీ పోతుందని భయపడతారు. ఆ ప్రింటర్ల వ్యాపారి ‘ఈ రకం ప్రింటరు పాడైతే మా దగ్గరికి తేవద్దు, మరమ్మతు ఖర్చుకు కొత్తదే వస్తుంది’ అని ఒక పేజీ రాశారు. ఆయన సైటులో మనుషులు ఎక్కువసేపు చదివిన పేజీ అదే, అది చదివి వేరే ప్రింటరు గురించి ఫోను చేసినవారు ఎందరో ఉన్నారు. వద్దని చెప్పగలిగినవారి మాట మీద నమ్మకం కుదురుతుంది.

ఏ ప్రశ్నలకు పేజీలు రాయాలో తెలుసుకోవడానికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. ఫోను దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకుని, అడిగినవారి మాటలను వారు అన్నట్టుగానే రాసుకోండి. మీరు అప్‌హోల్‌స్టరీ అంటారు, వారు ‘సోఫా కవరు మార్చడం’ అంటారు. పేజీలో వారి మాటే ఉండాలి. గూగుల్ పెట్టెలో సగం ప్రశ్న టైపు చేసినప్పుడు కింద వచ్చే సూచనలు చూడండి. రెండు మూడు నెలల తరువాత సెర్చ్ కన్సోల్ కూడా మీరు ఊహించని ప్రశ్నలను చూపడం మొదలుపెడుతుంది. వాటిలో కొన్నింటికి మీ దగ్గర పేజీ ఉండదు, అవే మీరు రాయవలసిన తరువాతి పేజీలు.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ఒకే పేజీని ఊరి పేరు ఒక్కటే మార్చి వందసార్లు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. అటువంటి పేజీలను గూగుల్ మోసపు పద్ధతిగానే లెక్కిస్తుంది. అదే విధంగా, ర్యాంకుల కోసం యంత్రాల చేత వందలకొద్దీ వ్యాసాలు రాయించి నింపడాన్ని 2024 మార్చిలో ప్రకటించిన విధానంలో స్పష్టంగా నిషేధించింది. మీ చేతి అనుభవంతో రాసిన పది పేజీలు చాలు. ఇంకొకటి, పేజీ వెనక, చూసేవారికి కనిపించని కోడులో, కీవర్డుల (వెతుకు మాటల) ట్యాగు నింపుతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ర్యాంకుల కోసం ఆ ట్యాగును వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. వెతుకు ఫలితాల్లో సాధారణంగా మీ పేజీ పేరుగా కనిపించే శీర్షిక ట్యాగు మాత్రం ముఖ్యమైనదే. చాలా సైట్లలో అక్కడ ‘హోమ్’ అని ఉండిపోతుంది, మీదీ చూసుకోండి.

లింకుల విషయం కూడా చాలామందిని తికమక పెడుతుంది. ఇతర సైట్లు మీకు ఇచ్చే లింకులను ఒక రకమైన సాక్ష్యంగా తీసుకోవడం గూగుల్ పుట్టుకలోనే ఉంది. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతికి మూలం అదే. సాక్ష్యానికి విలువ ఉందంటే దొంగసాక్ష్యాలు అమ్మేవారూ పుడతారు. లింకులు కొని పైకి వచ్చిన సైట్లను 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన లెక్కింపులో పెంగ్విన్ పేరుతో తెచ్చిన మార్పు ఒక్కసారిగా కిందికి తోసింది. ‘ఇంత డబ్బుకు ఇన్ని వందల లింకులు’ అనే బేరాలు ఇప్పటికీ నడుస్తున్నాయి, వాటి జోలికి పోవద్దు. మీకు లింకు ఇవ్వగలవారు మీ చుట్టూనే ఉన్నారు. గుడ్డ, ఫోమ్ మీకు అమ్మే కంపెనీల సైట్లలో తమ సరుకు వాడే పనివారి జాబితా ఉంటే, అందులో చేర్చమని అడగండి. వడ్రంగులు, ఇంటి అలంకరణ చేసేవారు, సామాను తరలించేవారు మీకు పని పంపుతూనే ఉంటారు కదా, వారి సైటులో మీ గురించి ఒక వాక్యం, మీ సైటులో వారి గురించి ఒక వాక్యం ఉండటం సహజమే. మీరు ఏదైనా వృత్తి సంఘంలో సభ్యులైతే వారి సభ్యుల పేజీలో మీ చిరునామా ఉందో లేదో చూడండి. ఇటువంటి లింకులు కొన్నే వస్తాయి, కాని వాటి ద్వారా నేరుగా మనుషులే వస్తారు. ర్యాంకు సంగతి తరువాత.

మిమ్మల్ని ఎరిగినవారి విషయంలో మీకు ఉన్న సౌకర్యం చాలా వ్యాపారాలకు లేదు. మీరు చేసిన వస్తువు వారి ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. సోఫా అడుగున, కనిపించని చోట, మీ పేరు, నంబరు, సైటు చిరునామా, ఒక క్యూఆర్ కోడు ఉన్న చిన్న చీటీ అతికించండి. ఆ కోడు హోమ్ పేజీకి కాకుండా ఆ రకం గుడ్డపై మరక పడితే ఏం చేయాలో చెప్పే పేజీకి తీసుకువెళ్లాలి. మరక పడిన రోజున వారు ఆ పేజీ తెరుస్తారు, పక్కింటివారు అడిగిన రోజున నంబరు వెతుక్కుంటారు. బిల్లు మీద, మెయిలు చివర, వాట్సాప్ ప్రొఫైలులో కూడా సైటు చిరునామా ఉండాలి. పాత వినియోగదారులకు మెయిలు పంపవచ్చు గాని అనుమతి ఉన్నవారికే పంపండి, వద్దనుకుంటే ఆపుకునే దారి అందులోనే చూపండి.

సోషల్ మీడియాలో రోజూ పోస్టు పెట్టవలసిన అవసరం లేదు. మీ పని కంటికి కనిపించే పని కాబట్టి ఒక్క వేదికను ఎంచుకుని, చినిగిన కుర్చీ కొత్తదిగా మారే వీడియోలు వీలున్నప్పుడల్లా పెట్టండి. నా సలహా యూట్యూబ్. అక్కడ పెట్టినది ఏడాది తరువాత వెతికినవారికి కూడా దొరుకుతుంది, వీడియో కింద ఆ విషయానికి సంబంధించిన మీ పేజీ లింకు ఇవ్వవచ్చు. పండుగ శుభాకాంక్షల బొమ్మలతో సైటుకు ఎవరూ రారు.

గూగుల్ ప్రకటనలు మంచివే, పేజీలు సిద్ధమయ్యాక. కుంగిన సోఫా కోసం వెతికినవారిని ఆ పేజీకే పంపండి, హోమ్ పేజీకి కాదు. కొత్తవారు డబ్బు పోగొట్టుకునేది సాధారణంగా ముందే పెట్టి ఉన్న సెట్టింగుల వల్ల. మీ ప్రకటనను ఇతర సైట్లలో కూడా చూపే డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్ తీసేయండి. ప్రాంతం దగ్గర, ఆ ప్రాంతంపై ఆసక్తి ఉన్నవారందరికీ కాకుండా అక్కడ ఉన్నవారికే చూపమని మార్చండి. మొదట, వెతికిన మాటలు మీరు ఇచ్చిన మాటలకు దగ్గరగా ఉంటేనే ప్రకటన చూపే ఎగ్జాక్ట్, ఫ్రేజ్ మ్యాచ్‌లతోనే నడపండి. వారానికి ఒకసారి, నిజంగా ఏ మాటలు వెతికినవారు మీ ప్రకటనపై నొక్కారో చూపే నివేదిక తెరవండి. ఉద్యోగాలు, శిక్షణ, ఉచితం, సెకండ్ హ్యాండ్ వంటి మాటలు అందులో కనిపిస్తే వాటిని నెగటివ్ కీవర్డులుగా, అంటే ప్రకటన చూపకూడని మాటలుగా, చేర్చండి. నెలకు ఇంత పోయినా ఫరవాలేదనుకునే మొత్తంతోనే మొదలుపెట్టండి.

మొదటి పేజీకి తెస్తామనే మెయిళ్ల సంగతి. గూగుల్‌లో మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తానే చెబుతోంది. అటువంటి హామీ కింద చేసేది తరచుగా ఏమిటంటే, ఎవరూ వెతకని పొడవైన మాటల వరుసను ఎంచుకుని, దానికి మొదటి స్థానం వచ్చిందని నివేదిక పంపడం. నిజాయితీగా పనిచేసేవారు కూడా ఉన్నారు. వారు ముందు మీ సెర్చ్ కన్సోల్ చూపమంటారు, ఏ పేజీలో ఏం మారుస్తారో రాతపూర్వకంగా చెబుతారు, లింకులు ఎక్కడి నుంచి తెస్తారని అడిగితే దాచకుండా జవాబిస్తారు.

ఎన్నాళ్లు ఆగాలన్నారు. సైటులో మార్పులు చేసి వాటి ఫలితం చూడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ తరఫున 2017లో చెప్పిన మాట నా అనుభవానికీ సరిపోతుంది. బిజినెస్ ప్రొఫైల్ ఫలితం అంతకన్నా త్వరగా కనిపిస్తుంది. ఈలోగా సందర్శకుల సంఖ్యను రోజూ చూసి దిగులుపడకండి. సెర్చ్ కన్సోల్‌లో ముందుగా పెరిగేది మీ పేజీ ఫలితాల్లో కనిపించిన సంఖ్య, తరువాత సగటు స్థానం మెరుగవుతుంది, నొక్కినవారు ఆ తరువాత పెరుగుతారు. అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క మీ నోటుపుస్తకంలోనే ఉంటుంది: ఫోను చేసిన ప్రతివారినీ మా గురించి ఎలా తెలిసిందని అడిగి రాసుకోండి. మీరు ఇద్దరు ముగ్గురు పనివారితో నడుపుతున్న వ్యాపారానికి వేలమంది సందర్శకులు అవసరం లేదు. కుంగిన సోఫా ఉన్నవారు వారానికి పదిమంది ఆ ఒక్క పేజీ చదివినా మీ పనివారికి తీరిక ఉండదు.

చివరిగా, ఎవరికైనా ఈ పని అప్పగించే ముందు డొమైను (మీ సైటు చిరునామాగా నమోదైన పేరు) మీ పేరున, మీ మెయిలుతో నమోదై ఉందో లేదో చూసుకోండి. సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్, ప్రకటనల ఖాతా కూడా మీ సొంతంగా తెరిచి, వారికి వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వండి. సైటు కట్టినవారితో మాట పట్టింపు వచ్చి, డొమైను వారి పేరున ఉండటం వల్ల అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవలసి వచ్చిన వ్యాపారులు నాకు తెలుసు. నేను పైన చెప్పిన పరీక్షలో మీ పేజీలు ఎన్ని కనిపించాయో, వర్డ్‌ప్రెస్‌లో ఆ టిక్ ఎలా ఉందో చూసి రాయండి. దానిని బట్టి మొదటి పేజీ ఏ ప్రశ్న మీద రాయాలో చెబుతాను.